కరెంటు లైను లేని పొలం ఇంటికి తాగునీటి ఫిల్టరు ఎలా ఎంచుకోవాలి?

పొలంలోనో తోటలోనో ఇల్లు కట్టుకుని, కరెంటు లైను మీదా ఊరి కుళాయి మీదా ఆధారపడకుండా ఉండాలనుకునేవారు సోలార్ ప్యానెళ్లు ఎన్ని కావాలి, బ్యాటరీ ఎంతది కావాలి అన్న లెక్కలు ఎంతో శ్రద్ధగా వేసుకుంటారు. తాగునీటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం, పట్నంలో వంటింటి గోడకు ఏ మిషను ఉండేదో అదే తెచ్చి ఇక్కడా బిగిస్తారు. కొన్నిచోట్ల అది సరిగ్గా కావలసిన మిషనే కావచ్చు. కొన్నిచోట్ల అది నీళ్లలోని అసలు దోషాన్ని ముట్టుకోకుండానే, ఫిల్టరు నీళ్లు తాగుతున్నామన్న భరోసా మాత్రం ఇస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఆ భరోసా చాలా ప్రమాదకరం.

ఏ ఫిల్టరు కొనాలో నీటి పరీక్ష రిపోర్టే చెప్పాలి. రిపోర్టు చేతికి వచ్చాక కూడా, మిషను కంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఇంతకంటే మంచి నీళ్లు మనకు వేరే దారిలో దొరుకుతాయా? తెలంగాణ, రాయలసీమ, ప్రకాశం ప్రాంతాల రాతినేలల్లో బోరు మీద బతికే ఇళ్లను దృష్టిలో పెట్టుకుని ఈ వరుసలోనే వివరిస్తాను.

పరీక్షకు నీళ్లు పట్టే పద్ధతి

గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లా స్థాయిలోనూ, చాలాచోట్ల డివిజను స్థాయిలోనూ నీటి పరీక్ష ల్యాబులు ఉన్నాయి. సాధారణ ప్రజలు కూడా కొద్దిపాటి రుసుము కట్టి అక్కడ తమ నీళ్లను పరీక్ష చేయించుకోవచ్చు. ఉదజని సూచిక (పీహెచ్), టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం), కాఠిన్యం, క్షారత, ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము, క్లోరైడు, మడ్డితనం, మలినం కలిసిందని సూచించే కోలిఫాం బ్యాక్టీరియా, ఇన్నీ చూడమని అడగండి. ఫ్లోరైడు, నైట్రేటు అడగకుండా తెచ్చుకున్న రిపోర్టు మన నేలల్లో సగం రిపోర్టే.

మోటారు వేసిన వెంటనే వచ్చే నీళ్లు పట్టకూడదు. పైపులో నిలవ ఉన్నదంతా పోయేవరకు పది పదిహేను నిమిషాలు వదిలేసి, ట్యాంకు నుంచి కాకుండా నేరుగా బోరు పైపు నుంచి పట్టాలి. రసాయన పరీక్షకు శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకుని, అదే నీళ్లతో రెండు మూడుసార్లు తొలిచి, మూతిదాకా నింపి మూత బిగించాలి. ఫ్లోరైడు గాజుకు పట్టుకునే గుణం ఉంది గనుక గాజు సీసా వాడరు. బ్యాక్టీరియా పరీక్షకు పద్ధతి పూర్తిగా వేరు. దానికి ల్యాబు వారిచ్చే క్రిమిరహితమైన సీసానే వాడాలి. అందులో ముందే వేసిన మందు ఉంటుంది గనుక దాన్ని తొలవకూడదు. కుళాయి మూతిని స్పిరిట్ దూదితో తుడిచి, మూత లోపలి వైపు వేలు తగలకుండా తీసి, పైన కొంచెం ఖాళీ ఉంచి నింపి, ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చాలి. వానలు అయిపోయాక ఒకసారి, మే నెలలో నీటిమట్టం అడుగంటినప్పుడు ఒకసారి పరీక్ష చేయిస్తేనే నీళ్ల అసలు స్వభావం తెలుస్తుంది, ఎందుకంటే ఒకే బోరులో ఈ రెండు కాలాల అంకెలూ చాలా తేడాగా ఉండవచ్చు.

ఐఎస్ 10500 అనే భారతీయ తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరు నీళ్లలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని పరిస్థితిలో 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, దానికి సడలింపు లేదు. టీడీఎస్ 500 లోపు ఉండటం మంచిది, గత్యంతరం లేనప్పుడు 2000 దాకా అనుమతి ఉంది. కాఠిన్యానికి ఇదే తీరులో 200, 600 అనే రెండు హద్దులున్నాయి. 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఈ-కోలి బ్యాక్టీరియా కనిపించనే కూడదు.

ఫిల్టర్లు అమ్మేవారు జేబులోంచి తీసి చూపించే టీడీఎస్ మీటరు గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. అది నీళ్లగుండా కరెంటు ఎంత సులువుగా పారుతోందో కొలిచి, దాన్నిబట్టి కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది. ఆ మొత్తంలో ఏ లవణం ఎంత ఉందో దానికి తెలియదు, సూక్ష్మజీవుల సంగతి అసలే తెలియదు. టీడీఎస్ 400 చూపించే బోరు నీళ్లలో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉండవచ్చు; 1200 చూపించే బావిలో అర మిల్లీగ్రాము కూడా ఉండకపోవచ్చు. పైగా సున్నపు శాతం తక్కువగా ఉండి, సబ్బు బాగా నురగవచ్చే నీళ్లలోనే ఫ్లోరైడు ఎక్కువగా కరిగి ఉండటం కద్దు. నోటికి తియ్యగా ఉన్నాయన్న ఒక్క కారణంతో బోరు నీళ్లను నమ్మకూడదని చెప్పేది అందుకే.

ఫ్లోరైడు విషయంలో అశ్రద్ధ వద్దు

మన దేశంలో ఫ్లోరైడు ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ వ్యాధి తొలిసారిగా వైద్య పత్రికలకు ఎక్కింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. ఆ పల్లెలు నేటి ప్రకాశం ప్రాంతానివి. నల్లగొండ జిల్లాలో ఈ నీళ్లు ఎన్ని ఒళ్లను వంచాయో మనవారికి వేరే చెప్పనక్కరలేదు. ఫ్లోరైడుకు రంగు, రుచి, వాసన లేవు. పాలపళ్లు ఊడి వచ్చే పళ్ల మీద గోధుమరంగు చారలు కనిపించే సరికే పిల్లవాడు ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగి ఉంటాడు.

కాచితే ఫ్లోరైడు పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాలు పెరుగుతుంది. నైట్రేటు కూడా అంతే. అందుకే నైట్రేటు ఎక్కువగా ఉన్న బావి నీళ్లను కాచి పసిపిల్లల పాలలో కలపడం చాలా ప్రమాదం. రాగి బిందెలో రాత్రంతా ఉంచడం, క్యాండిల్ ఫిల్టరులో పోయడం, అతినీలలోహిత కాంతితో క్రిములను చంపే యూవీ మిషను పెట్టడం, ఇవేవీ ఫ్లోరైడును తగ్గించవు.

చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. తాగడానికి శుద్ధి చేసిన నీళ్లు వాడుతూ, వంటకు మాత్రం బోరు నీళ్లే పోస్తారు. అత్తెసరు పెట్టిన అన్నం, ఉడికిన పప్పు తమలో పోసిన నీళ్లన్నిటినీ పీల్చుకుంటాయి గనుక ఆ నీళ్లలోని ఫ్లోరైడు మొత్తం కంచంలోకి వస్తుంది. కాబట్టి ఫిల్టరు ఎంతది కావాలో లెక్క వేసేటప్పుడు తాగే నీళ్లు, అన్నం, పప్పు, చారు, టీ అన్నీ కలిపి మనిషికి రోజుకు 5 లీటర్ల చొప్పున చూసుకోండి. ఐదుగురున్న ఇంటికి 25 లీటర్లు అవుతుంది. స్నానానికి, అంట్లకు, బట్టలకు బోరు నీళ్లు సరిపోతాయి. ఇంటి నీళ్లన్నిటినీ శుద్ధి చేసే పెద్ద యంత్రం అమ్మజూపితే, సోలార్ మీద బతికే ఇంటికి అది తగదని నా అభిప్రాయం.

పైకప్పు మీద పడే నీళ్లు

రిపోర్టులో ఫ్లోరైడు గానీ నైట్రేటు గానీ హద్దు దాటితే, మిషను కొనే ముందు మీ ఇంటి పైకప్పు కొలత తీసుకోండి. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్లు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే కురిసే అనంతపురంలో కూడా, 50 చదరపు మీటర్ల స్లాబు మీద ఆవిరయ్యేదీ చిందేదీ ఐదో వంతు పోగా 22,000 లీటర్లు చేతికి వస్తాయి. రోజుకు 25 లీటర్ల చొప్పున ఐదుగురికి ఏడాదికి కావలసింది 9,125 లీటర్లు. కరువు వచ్చి సగం వానే పడినా ఇంకా మిగులే. నవంబరు మధ్య నుంచి జూన్ మధ్య దాకా చుక్క పడకపోయినా సుమారు 210 రోజులకు 5,250 లీటర్లు చాలు గనుక, 6,000 లీటర్ల మూసిన ట్యాంకు ఒకటి ఉంటే సరిపోతుంది. ఈ నీళ్లలో ఫ్లోరైడు బెడద ఉండదు. పంపు ఒత్తిడితో నీళ్లను సన్నని పొరగుండా పంపి లవణాలను ఆపే ఆర్‌ఓ మిషను అవసరం లేదు, కరెంటు అవసరం లేదు. ఫ్లోరైడు నేలలో పొలం ఇల్లు కట్టేవారికి నేను మొదట సూచించేది ఇదే.

దీనికి జాగ్రత్తలు లేకపోలేదు. ఆస్‌బెస్టాస్ రేకులు, పెచ్చులూడే పాత రంగు పూసిన రేకులు ఉన్న కప్పు పనికిరాదు. స్లాబును వానాకాలానికి ముందు కడిగి, దాని మీద పురుగుమందు కొట్టిన పంట ఆరబోయకుండా చూసుకోవాలి. తొలి జల్లు నీళ్లలో దుమ్ము, పిట్టల రెట్ట, ఆకులు అన్నీ దిగుతాయి గనుక, కనీసం మొదటి 1 మిల్లీమీటరు వాన, అంటే 50 చదరపు మీటర్ల కప్పుకు 50 లీటర్లు, ట్యాంకులోకి పోనివ్వకూడదు. దీనికి మనిషి కాపలా ఉండనక్కరలేదు. దిగుడు పైపుకు ట్యాంకుకంటే ముందు ఒక డ్రమ్మును కలిపితే, ముందు డ్రమ్ము నిండి, ఆ తర్వాత వచ్చే శుభ్రమైన నీళ్లు ట్యాంకు వైపు మళ్లుతాయి. డ్రమ్ము అడుగున సన్నని రంధ్రం ఉంచితే రెండు వానల మధ్య అది తనంతట తానే ఖాళీ అవుతుంది. ట్యాంకులోకి వెలుతురు పడితే పాచి పడుతుంది, సందు ఉంటే దోమలు చేరతాయి. కాబట్టి మూత గట్టిగా ఉండాలి, గాలి గొట్టానికి, పొర్లు గొట్టానికి సన్నని జాలీ కట్టాలి.

వాన ట్యాంకు కట్టే వీలు లేనివారు, ఊళ్లోకి నది నీళ్ల కుళాయి వస్తుంటే రోజూ ఒకటి రెండు క్యాన్లు బండి మీద తెచ్చుకోవడం కూడా చిన్నచూపు చూడవలసిన మార్గం కాదు.

దోషం సూక్ష్మజీవులదే అయితే

రిపోర్టులో లవణాలన్నీ హద్దులో ఉండి కోలిఫాం మాత్రమే కనిపించినా, వాన నీళ్లు వాడుకోదలచినా, కరెంటుతో పనిలేని సాధనాలే సరిపోతాయి. నీళ్లు మడ్డిగా ఉంటే ముందు తేర్చుకోవాలి. పటిక ఆ పని చేస్తుంది. మన పెద్దలు వాడిన చిల్లగింజ కూడా మడ్డిని అడుక్కి దించుతుంది గానీ క్రిములను చంపదు.

ఆ తర్వాతి పనికి నాకు నచ్చేది నీళ్ల బరువుతోనే పనిచేసే యూఎఫ్ (అల్ట్రా ఫిల్ట్రేషన్) పొర, లేదా మంచి రకం సిరామిక్ క్యాండిల్. యూఎఫ్‌లో సన్నని బోలు పోగుల గోడలు నీళ్లను వడగడతాయి, బ్యాక్టీరియా ఆ రంధ్రాల్లోంచి దూరలేదు. వైరస్‌లు అంతకంటే చాలా చిన్నవి గనుక వాటికి క్లోరిను తోడు కావాలి. వారానికోసారి వెనక్కి నీళ్లు పంపి కడిగే ఏర్పాటు ఉన్న రకమే కొనండి. ఆ ఏర్పాటు లేనిది మూసుకుపోతే పారేయడం తప్ప మార్గం లేదు.

సిరామిక్ క్యాండిల్ పనితీరును ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. బాగా తడిసిన క్యాండిల్‌ను నీళ్లలో ముంచి, దాని గొట్టానికి ట్యూబు తగిలించి మెల్లగా ఊదండి. గాలి ఎక్కడైనా ఒకేచోట నుంచి వరసగా బుడగలై వస్తుంటే అక్కడ కంటికి కనిపించని పగులు ఉన్నట్టు. ఆ పగులు గుండా నీళ్లు వడకట్టకుండానే దిగుతాయి గనుక అటువంటి క్యాండిల్‌ను వెంటనే మార్చాలి. కడిగేటప్పుడు సబ్బు వాడకూడదు. మెత్తని బ్రష్షుతో పారే నీళ్లలో పై పొరను రుద్దితే చాలు. అలా రుద్దిన కొద్దీ క్యాండిల్ సన్నబడుతుంది, కనుక అదనంగా ఒకటి ఇంట్లో ఎప్పుడూ ఉండాలి.

క్లోరిను చవకైనది, నమ్మదగినది. తాజా బ్లీచింగు పౌడరు 1,000 లీటర్లకు 2.5 గ్రాములు చొప్పున ముందుగా బకెట్టులో కలిపి, తేరిన పైనీళ్లు మాత్రమే ట్యాంకులో పోసి, కనీసం అరగంట ఆగాలి. అరగంట తర్వాత కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలి ఉందో లేదో చూసే చిన్న కిట్లు దొరుకుతాయి. సంచి విప్పిన బ్లీచింగు పౌడరు తేమకు, వేడికి వేగంగా బలం కోల్పోతుంది. కొద్దికొద్దిగా కొనుక్కుని, గట్టి మూత ఉన్న డబ్బాలో ఉంచుకోవడం మంచిది.

యూవీ దీపం గురించి క్లుప్తంగా చెబుతాను. 11 వాట్ల దీపం సోలార్ బ్యాటరీకి బరువు కాదు. అయితే నీళ్లు తేటగా లేకపోతే ఆ వెలుగు క్రిములదాకా చేరదు. దీపం వెలుగుతూ ఉన్నా ఏడాది తర్వాత దాని శక్తి తగ్గుతుంది. యూవీ దాటి వచ్చిన నీళ్లు మురికి బిందెలో పడితే మళ్లీ కలుషితమే. వాన నీళ్లకు యూఎఫ్, క్లోరిను ఉన్నచోట యూవీ అదనపు భద్రతే తప్ప తప్పనిసరి అనుకోను.

ఆర్‌ఓ తప్పనప్పుడు

వాన నీళ్లు నిలవ చేసుకునే వీలు లేక, బోరు నీళ్లలో ఫ్లోరైడు, నైట్రేటు లేదా ఉప్పు ఎక్కువగా ఉంటే ఆర్‌ఓ అవసరమే. తీరప్రాంతపు ఉప్పునీళ్లకూ ఇదే మార్గం. చాలామంది కరెంటుకు భయపడతారు గానీ, లెక్క చూస్తే అది చిన్న విషయం. ఇళ్లలో వాడే ఆర్‌ఓ మిషనులో పంపు 24 వోల్టుల డీసీది, సుమారు 30 వాట్లు తీసుకుంటుంది. గంటకు 10 లీటర్ల చొప్పున 25 లీటర్లకు రెండున్నర గంటలు, అంటే రోజుకు 100 వాట్-అవర్ల లోపే. ఎండ ఉన్న వేళ నడిపి పాత్రలు నింపుకుంటే బ్యాటరీ మీద భారం కూడా పడదు. 24 వోల్టుల బ్యాటరీ ఉన్నవారు ఇన్వర్టరు లేకుండా నేరుగా నడపవచ్చు గానీ, చార్జింగు సమయంలో అటువంటి బ్యాటరీ 28 వోల్టులు దాటుతుంది గనుక మధ్యలో వోల్టేజీని నిలిపే కన్వర్టరు తప్పక పెట్టాలి.

అసలు ఖర్చు నీళ్లలో ఉంది. మామూలు గృహ ఆర్‌ఓ ఒక లీటరు మంచి నీళ్లకు సుమారు మూడు లీటర్లు వదిలేస్తుంది. రోజుకు 25 లీటర్లు కావాలంటే బోరు నుంచి 100 లీటర్లు తోడాలి. బోరు బాగా పోసేచోట ఫరవాలేదు. వేసవిలో ట్యాంకరు తెప్పించుకునేచోట ఇది పెద్ద భారమే. ఆ వదిలిన నీళ్లలో ఫ్లోరైడు, లవణాలు మామూలు కంటే చిక్కగా ఉంటాయి. అంట్లు తోమడానికి, నేల కడగడానికి వాడుకోవచ్చు గానీ పశువులకు పెట్టకూడదు, రోజూ ఒకే మొక్క మొదట్లో పోస్తే నేల చవుడెక్కుతుంది.

మిషను బిగించే మనిషి వెళ్లే ముందు మీరు స్వయంగా చూడవలసింది ఒకటుంది. చాలా మిషన్లలో టీడీఎస్ కంట్రోలరు అనే చిన్న మరను అమరుస్తారు. శుద్ధి అయిన నీళ్లు మరీ చప్పగా ఉండకుండా, పొరను దాటని నీళ్లను అది కొంత కలుపుతుంది. బోరు నీళ్లలో ఫ్లోరైడు 4 మిల్లీగ్రాములు ఉండి, పొర అందులో పదింట తొమ్మిది వంతులు ఆపిందనుకోండి, బయటికి వచ్చేది 0.4. కుళాయిలో వచ్చే మొత్తం నీళ్లలో ఐదో వంతు పచ్చి బోరు నీళ్లే అయ్యేలా కలిపితే ఫ్లోరైడు 1.1 దాటుతుంది, అంటే ప్రమాణపు హద్దు దాటినట్టే. ఫ్లోరైడు, నైట్రేటు ఉన్న ఇంట్లో ఆ మరను పూర్తిగా మూయించి, మిషను నుంచి వచ్చే నీళ్లను మళ్లీ ల్యాబులో పరీక్ష చేయించండి. ఖనిజాల కొరత మీద బెంగ ఉంటే ఖనిజాలు కలిపే గుళిక (కార్ట్రిడ్జ్) ఉన్న రకం తీసుకోవచ్చు. పాలు, రాగులు, ఆకుకూరలు ఆ కొరతను ఎలాగూ తీరుస్తాయి.

నీళ్లలో ఇనుము ఉంటే, పట్టినప్పుడు తేటగా ఉండి కాసేపటికి పసుపు తిరుగుతాయి. అటువంటి నీళ్లను గాలి తగిలేలా ఎత్తునుంచి జారవిడిచి, ఇసుక పొరలో వడకట్టాకే ఆర్‌ఓకు పంపాలి, లేకపోతే పొర త్వరగా పాడవుతుంది. క్లోరిను కూడా ఆ పొరను తినేస్తుంది. ట్యాంకులో బ్లీచింగు కలిపేవారు ముందున్న కార్బను గుళికను సమయానికి మార్చాలి. కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నరు ఫ్లోరైడును తీయదు, సున్నం తీసి సోడియం కలుపుతుంది. రక్తపోటు ఉన్నవారి ఇంట్లో తాగునీటికి దాన్ని వాడకపోవడం మంచిది.

కరెంటు లేకుండానే ఫ్లోరైడును పట్టే యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్లు ఉన్నాయి. వాటి చిక్కు ఏమిటంటే, ఆ గుళికలు నిండిపోయి పనిచేయడం ఆపినా నీళ్ల రుచిలో, రంగులో ఏ మార్పూ రాదు. నెలకోసారి ఫ్లోరైడు కిట్టుతో కొలిచే ఓపిక ఉన్నవారికే అవి తగినవి. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించి, నల్లగొండ పేరుతోనే ప్రసిద్ధమైన పటిక, సున్నం, బ్లీచింగు పద్ధతి ఊరంతటికీ మోతాదు లెక్కగట్టి చేసేచోట పనికొస్తుంది. ఇంట్లో రోజూ మోతాదు తప్పకుండా చేయడం కష్టం.

ఇంట్లో అమర్చుకున్నాక

ఏ పద్ధతైనా, శుద్ధి చేసిన నీళ్లను కుళాయి ఉన్న మూత పాత్రలోనే నిలవ ఉంచాలి. బిందెలో చెంబు ముంచే అలవాటు ఉన్న ఇంట్లో అంతకుముందు చేసిన శుద్ధి అంతా చేతి వేళ్ల దగ్గరే పోతుంది. కొనే ముందే గుళికలు, పొర, క్యాండిళ్లు దగ్గరి పట్నంలో ఏ కొట్లో దొరుకుతాయో, ఏడాదికి వాటికి ఎంతవుతుందో అడిగి తెలుసుకోండి. ఒక కంపెనీ మిషనుకే సరిపోయే ప్రత్యేక గుళికలకంటే ఎక్కడైనా దొరికే సాధారణ కొలతల గుళికలు ఉన్న మిషను పొలం ఇంటికి మేలు, ఎందుకంటే అక్కడికి సర్వీసు మనిషి పిలవగానే రాడు.

మిషను ఆగిపోయిన రోజు కోసం క్లోరిను బిళ్లలు, ఒక క్యాండిల్ ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి. సూక్ష్మజీవుల భయమే ఉన్న ఇంట్లో ఆ రోజు నీళ్లను తెర్లనిచ్చి, ఒక నిమిషం పాటు అలాగే మరగనిచ్చి చల్లార్చి తాగవచ్చు. ఫ్లోరైడు, నైట్రేటు ఉన్న ఇంట్లో ఆ పని చేయకుండా, మిషను బాగయ్యేదాకా ఊరి నుంచి క్యాన్లు తెప్పించుకోండి. తెచ్చిన నీళ్లు తక్కువైతే ముందుగా చిన్నపిల్లలకు, గర్భిణులకు, ఆ తర్వాతే పెద్దలకు ఇవ్వండి.